క్రొత్త ఆదాయపు పన్ను చట్టము: రైతు కుటుంబములు చేసికొనవలసిన సన్నాహము

శాంతిపురము, కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల గ్రామములకు వ్యవసాయ ప్రదర్శనల నిమిత్తమై మేము పోవునప్పుడు రైతులు విత్తనములను గూర్చియు, తెగుళ్లను గూర్చియు అడుగుటతో పాటు ఈ నడుమ మఱియొక ప్రశ్నను తఱచుగా అడుగుచున్నారు. “క్రొత్త పన్ను చట్టము చేసినారట గదా, ఇకమీదట సేద్యముపై గూడ పన్ను వేయుదురా?” అనునదియే ఆ ప్రశ్న.

వేయరు అనియే మా సమాధానము. సేద్యపు రాబడికి పాతచట్టములో నున్న మినహాయింపు క్రొత్తచట్టములోను నున్నది. కాని యీ యొక్కమాటను విని నిశ్చింతగా నుండుట మంచిది కాదు. ఏలయనగా మన ప్రాంతమున సేద్యమొక్కటియే జీవనాధారముగా గల కుటుంబములు కొలదిగనే యున్నవి. ఒకే యింట టమాటా పండును, పట్టుపురుగులు పెరుగును, పాలు కేంద్రమునకు పోవును, ట్రాక్టరు అద్దెకు తిరుగును. ఈ సొమ్మంతయు ఒకే బ్యాంకు ఖాతాలో చేరును. ఇందులో ఏది సేద్యపు రాబడి, ఏది కాదు అను విభాగమును చట్టము చేసియున్నది; మన యింటి లెక్కలలో మనము చేసికొనలేదు. ఆ విభాగమును చేసికొనుటయే యిప్పటి మన ముఖ్య కర్తవ్యము. దానికి కావలసిన సంగతులను ఈ వ్యాసమున వివరింతుము.

చట్టములో మారినదేమి?

1962 ఏప్రిలు 1వ తేది మొదలు మనదేశమున అమలు జరిగినది 1961వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టము. దానికి బదులుగా 2025వ సంవత్సరపు చట్టము చేయబడి, ఆ యేడు ఆగస్టు 21వ తేదిని రాష్ట్రపతి ఆమోదమును పొందినది. 2026 ఏప్రిలు 1వ తేది దీని అమలుకు నిర్ణయింపబడిన దినము. పాతచట్టములో 800కు పైబడిన సెక్షనులుండగా క్రొత్తదానిలో 536 మాత్రమే కలవు. పన్ను రేట్లను హెచ్చించుటకు గాని తగ్గించుటకు గాని ఈ చట్టము ఉద్దేశింపబడలేదు. భాషను సులభము చేయుట, అక్కఱలేని సెక్షనులను తీసివేయుట దీని ముఖ్యోద్దేశము.

మనము గుర్తుంచుకొనవలసిన మార్పు ఒకటి కలదు. పాతచట్టము ప్రకారము సొమ్ము సంపాదించిన యేటికి ఒక పేరు, దానిపై పన్ను నిర్ణయించు యేటికి మఱియొక పేరు. ఇందువలన చదువుకొన్నవారు సైతము తికమక పడుచుండిరి. క్రొత్తచట్టములో ఆ రెండు పేర్లును పోయి “పన్ను సంవత్సరము” అను ఒకే పేరు వచ్చినది. అది ఏప్రిలు 1వ తేదిని మొదలై మఱుసటి మార్చి 31వ తేదితో ముగియును. 2026 మార్చి 31వ తేది వఱకు వచ్చిన రాబడికి పాతచట్టమే వర్తించును. ఆ మఱునాటినుండి వచ్చినదానికి క్రొత్తచట్టము వర్తించును.

రెవిన్యూ లెక్కలలోని ఫసలీ జూలై 1వ తేది మొదలు జూన్ 30వ తేది వఱకు నడచును. రైతు తన పంటలను ఫసలీతో లెక్కించుట అనాదిగా నున్న అలవాటు. పన్ను లెక్కకు ఇది పనికిరాదు. మే, జూన్ నెలలలో అమ్మిన మామిడికాయ ఫసలీ లెక్కకు ఆ యేటి చివరి పంట. పన్ను సంవత్సరపు లెక్కకు అదియే మొదటి రాబడి. కావున ఇంటి పుస్తకమున ప్రతి యేడు ఏప్రిలు 1వ తేదిని క్రొత్త పుట మొదలుపెట్టవలెను.

సేద్యపు రాబడి యనగా నేమి?

మనదేశమున ఆదాయపు పన్ను మొదట 1860వ సంవత్సరమున విధింపబడినది. 1886వ సంవత్సరపు చట్టము సేద్యపు రాబడిని దానినుండి తప్పించినది. భూమికి శిస్తు కట్టువానిచేత మఱల ఆదాయపు పన్ను కట్టించుట న్యాయము కాదను భావము దానికి మూలము. నేటి రాజ్యాంగము సేద్యపు రాబడిపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకే యుంచినది.

అయితే రైతు చేతికి వచ్చిన ప్రతి రూపాయియు సేద్యపు రాబడి కాజాలదు. భూమిమీద దున్నుట, విత్తుట, నాటుట మొదలగు పనులు జరిగి, దాని ఫలముగా పంట రావలెను. మనుష్యుని శ్రమ లేకుండ దానంతట మొలచినదాని రాబడి సేద్యపు రాబడి కాదను సూత్రమును సుప్రీం కోర్టు 1957వ సంవత్సరమున స్పష్టపఱచినది. ఈ సూత్రమును మన గ్రామములకు అన్వయించి చూతము.

తన చేనిలో పండించిన టమాటా, వేరుసెనగ, రాగి, మామిడి మొదలగువానిని అమ్మిన సొమ్ము సేద్యపు రాబడి. నూర్చుట, ఎండబెట్టుట, ఏరుట వంటి పనులు సరకును సంతకు తగినట్లు చేయుటకే గనుక వానివలన ఈ స్వభావము మారదు. భూమిని సేద్యమునకు గుత్తకిచ్చి పొందిన గుత్తయు సేద్యపు రాబడియే. నర్సరీలో పెంచిన నారును, మొక్కలను అమ్మిన సొమ్మును గూడ చట్టము సేద్యపు రాబడిగనే యెంచును. టమాటా నారు పెంచు కుటుంబములకు ఇది తెలియవలసిన సంగతి.

పట్టుపరిశ్రమ విషయమున చాలమంది పొరబడుచున్నారు. మల్బరీ తోట సేద్యమే. ఆకును ఆకుగా నమ్మినచో ఆ సొమ్ము సేద్యపు రాబడి. కాని ఆకును పురుగులకు మేపి గూళ్లు కట్టించి హిందూపురములోనో, శిడ్లఘట్టలోనో, రామనగరములోనో అమ్మినప్పుడు అమ్ముడుపోయినది ఆకు కాదు, గూడు. గూడు భూమినుండి వచ్చిన పంట కాదనియు, పురుగునుండి వచ్చినదనియు సుప్రీం కోర్టు అభిప్రాయము. కావున పట్టుగూళ్ల రాబడిని సేద్యపు పుటలో వ్రాయరాదు. పాలకును ఇదే న్యాయము. గడ్డి మన చేనిదే యైనను పాలసొమ్ము సేద్యపు రాబడి కాదు. గొఱ్ఱెలు, కోళ్లు, ట్రాక్టరు అద్దె, ఇతరుల కాయలు కొని అమ్మిన లాభము, పంటసొమ్మును డిపాజిటు చేయగా వచ్చిన వడ్డీ, ఇవన్నియు రెండవ పుటలోనివే.

తన తోట మామిడికాయను గుజ్జు చేసి అమ్మువానికి రెండు పుటలును కావలెను. కాయకు సంతలో నున్న విలువ సేద్యపు భాగము. గుజ్జు చేసి అమ్ముటవలన కలిగిన లాభము వ్యాపార భాగము.

భయపడవలసిన పని యున్నదా?

పై మాటలు చదివి పట్టురైతులును, పాడిరైతులును కలత చెందనక్కఱలేదు. 2025-26వ సంవత్సరమునకు క్రొత్త పద్ధతిని అనుసరించువారికి 4 లక్షల రూపాయల వఱకు పన్ను లేదు. మొత్తము ఆదాయము 12 లక్షలకు మించనివారికి, రిబేటు వలన, చెల్లించవలసిన పన్ను మిగులదు. అయినను 4 లక్షలు దాటినవారు రిటర్ను దాఖలు చేయవలసియే యుండును. పన్ను లేకపోవుట వేఱు, రిటర్ను అక్కఱలేకపోవుట వేఱు. ఈ మొత్తములలో సేద్యపు రాబడి చేరదు.

ఒక కుటుంబమును ఊహింతము. ఖర్చులు పోను టమాటాపై 3,00,000 రూపాయలు మిగిలినవి. పట్టుగూళ్లు 4,80,000 రూపాయలకును, పాలు 2,40,000 రూపాయలకును అమ్ముడైనవి. టమాటా సొమ్ము సేద్యపుది గనుక ప్రక్కన పెట్టుదము. గూళ్లు, పాలు కలిసి 7,20,000 రూపాయలు. చిన్న వ్యాపారులకు చట్టము ఒక సులభమార్గమును చూపినది. ఏడాది అమ్మకము 2 కోట్లకు మించనివారు, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ములో నూటికి 6 పాళ్లును, రొక్కముగా వచ్చినదానిలో నూటికి 8 పాళ్లును కనీస లాభముగా చూపవచ్చును. ఈ కుటుంబమునకు సొమ్మంతయు బ్యాంకు ద్వారా వచ్చినచో ఆ లాభము 43,200 రూపాయలు. నిజముగా వచ్చిన లాభము అంతకు హెచ్చైనచో హెచ్చుమొత్తమునే చూపుట న్యాయము. అమ్మకములో సగము లాభమే యనుకొన్నను 3,60,000 రూపాయలు మాత్రమే. అది 4 లక్షలకు లోపలనే యున్నది. వారికి వేఱు ఆదాయము లేనిచో పన్ను లేదు.

అట్లయిన పుస్తకమెందుకని కొందరు అడుగవచ్చును. బ్యాంకు ఖాతాలో ఈ కుటుంబమునకు కనబడునది 10 లక్షలకు పైబడిన ఒకే కుప్ప. అందులో ఇంత టమాటాది, ఇంత గూళ్లది, ఇంత పాలది అని ఖాతా చెప్పదు. మినహాయింపు కోరువాడే దానిని ఋజువు చేయవలెనని న్యాయము. 2023 జూలైలో మదనపల్లె సంతలో టమాటా ధర మునుపెన్నడు లేనంతగా పెరిగినప్పుడు కొందరు రైతుల ఖాతాలలో కొలది దినములలోనే లక్షల రూపాయలు చేరినవి. అట్టి సొమ్ము నిజముగా సేద్యపుదే యైనను, మండీ ఇచ్చిన తక్‌పట్టీలను పారవేసికొన్న రైతు దానిని ఏమి చూపి నిరూపింపగలడు? పంట పోయిన యేడు కాదు, పంట పండిన యేడే కాగితము పని పడును.

మండీ, దుకాణము గల కుటుంబములకు

సేద్యముతో పాటు పెద్ద వ్యాపారము గలవారు ఇంకొక సంగతిని తెలిసికొనవలెను. సేద్యపు రాబడి 5,000 రూపాయలకు మించి, ఇతర ఆదాయము పన్ను లేని పరిమితిని దాటినచో, సేద్యపు రాబడిపై పన్ను లేకున్నను, రేటును నిర్ణయించుటకు దానిని లెక్కలో కలుపుదురు. దుకాణముపై 14 లక్షలు, సేద్యముపై 4 లక్షలు వచ్చినవారిని తీసికొందము. 2025-26వ సంవత్సరపు క్రొత్త పద్ధతి రేట్ల ప్రకారము 18 లక్షలపై పన్ను 1,60,000 రూపాయలు. పన్ను లేని 4 లక్షలును సేద్యపు 4 లక్షలును కలిసిన 8 లక్షలపై పన్ను 20,000 రూపాయలు. మొదటిదానినుండి రెండవది తీసివేయగా 1,40,000 రూపాయలు కట్టవలసిన పన్ను. దానిపై నూటికి 4 వంతున సెస్సు. సేద్యము లేనిచో 14 లక్షలకు 90,000 రూపాయలే యగును. వ్యాపార లాభమును సేద్యపు పుటలో చూపి తప్పించుకొనవచ్చునని తలచువారికి ఈ లెక్క సమాధానము చెప్పును. పైని చెప్పిన సులభమార్గము కమీషను వ్యాపారమునకు వర్తింపదని గూడ మండీ నడుపువారు గుర్తుంచుకొనవలెను.

రొక్కము పుచ్చుకొనునప్పుడు

మన రైతులకు తెలియకుండ నష్టము కలిగింపగల నియమము ఇదియే. ఒకరి యొద్దనుండి ఒక దినమున 2 లక్షలు గాని అంతకు మించి గాని రొక్కముగా పుచ్చుకొనరాదు. ఒకే బేరమునకు చెందిన సొమ్మును దినములుగా విడదీసి పుచ్చుకొన్నను తప్పే. పుచ్చుకొన్నంత మొత్తమును అపరాధముగా విధించవచ్చును. ఆ అపరాధము ఇచ్చిన వర్తకునిపై కాదు, పుచ్చుకొన్నవానిపై పడును. సేద్యపు సొమ్మునకు ఆదాయపు పన్ను లేకపోయినను ఈ నియమమునుండి తప్పింపు లేదు. కావున పెద్ద మొత్తములను బ్యాంకు ద్వారానే కోరవలెను.

అప్పులకు పరిమితి ఇంకను తక్కువ. 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని రొక్కముగా అప్పు పుచ్చుకొనరాదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును సేద్యపు రాబడి గలవారై, ఇరువురిలో నెవ్వరికిని పన్ను వేయదగిన ఆదాయము లేనియెడల ఈ నిషేధము వర్తింపదు. ఇరువురిలో ఒకరికి వ్యాపారము హెచ్చి పన్ను వేయదగిన ఆదాయము వచ్చిననాడు ఈ రక్షణ ఇరువురికిని పోవును. ఎవరి రాబడి యే పుటలోనిదో తెలియుట ఇందులకు గూడ అవసరము. మన ప్రాథమిక సహకార పరపతి సంఘములకు మాత్రము 2023వ సంవత్సరపు సవరణ వలన కొంత సౌకర్యము కలిగినది. సభ్యునికిని సంఘమునకును నడుమ అప్పు గాని డిపాజిటు గాని, పాతబాకీతో కలిసి 2 లక్షలకు లోబడినచో, రొక్కముగా జరిగినను దండన లేదు.

భూమి అమ్మకము

గ్రామీణ ప్రాంతపు సేద్యభూమిని అమ్మినప్పుడు లాభముపై ఆదాయపు పన్ను లేదు. గ్రామీణమో కాదో తేల్చుటకు పురపాలక సంఘపు హద్దునుండి దూరమును కొలుతురు. జనాభా 10,000 దాటి లక్ష వఱకు గల పట్టణమునకు 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల వఱకు గలదానికి 6 కిలోమీటర్లు. దారి వెంబడి కాక తిన్నగా కొలిచిన దూరమే లెక్క. దీనిని బట్టి పుంగనూరునకు 2 కిలోమీటర్లు, మదనపల్లెకు 6 కిలోమీటర్లు వర్తించును. కుప్పము గ్రామపంచాయతీగా నున్నంతకాలము దాని చుట్టుప్రక్కల ఈ చిక్కు లేకుండెను. అది పురపాలక సంఘమైన పిమ్మట దాని హద్దు లోపలి భూములకును, హద్దునుండి 2 కిలోమీటర్ల లోపలి భూములకును ఈ మినహాయింపు లేదు. ఆ ప్రాంతమున భూమి అమ్మదలచినవారు బేరము కుదుర్చుకొనక మునుపే దూరమును విచారించుకొనవలెను.

శాంతిపురము, రామకుప్పము మండలములలో విమానాశ్రయము ప్రతిపాదింపబడియున్నది. ఇట్టి పనులకై 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము ప్రకారము ప్రభుత్వము అవార్డు ప్రకటించి భూమిని తీసికొన్నచో, ఆ నష్టపరిహారముపై ఆదాయపు పన్ను లేదు. అవార్డు ప్రతిని, చెల్లింపు కాగితములను శాశ్వతముగా భద్రపఱచవలెను. కాని ఆ పరిహారమును బ్యాంకులో డిపాజిటు చేయగా ఏటేట వచ్చు వడ్డీకి ఈ మినహాయింపు లేదు. విమానాశ్రయము పేరు చెప్పి ప్రైవేటువారు చేయు కొనుగోళ్లకు గూడ ఈ నియమము వర్తింపదు.

కొనుగోళ్లపై జీఎస్టీ

2025 సెప్టెంబరు 22వ తేది మొదలు సేద్యపు సామగ్రి పెక్కింటిపై జీఎస్టీ తగ్గినది. సేద్యపు ట్రాక్టర్లు, డ్రిప్పు, స్ప్రింక్లరు పరికరములు, నేల తయారుచేయు యంత్రములు, కోతయంత్రములు, పండ్రెండు రకముల జీవసంబంధ పురుగుమందులు, పాలక్యానులు నూటికి 12 నుండి 5కు తగ్గినవి. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు 18 నుండి 5కును, సిమెంటు 28 నుండి 18కిని తగ్గినవి. పన్ను కాక లక్ష రూపాయల వెలగల డ్రిప్పు సామగ్రిపై మునుపు 12,000 రూపాయలు పన్ను పడుచుండగా, తగ్గింపు పిమ్మట 5,000 రూపాయలే పడును. బిల్లు పుచ్చుకొనిననే గాని ఈ తగ్గింపు మన చేతికి వచ్చినదో లేదో తెలియదు. పన్నుకు ముందు వెల ఎంత, పన్ను ఎంత అని బిల్లులో వేఱువేఱుగా చూచుకొనవలెను.

తన భూమిలో పండిన పంటను అమ్ముకొను రైతు జీఎస్టీ క్రింద రిజిస్టరు చేసికొననక్కఱలేదు. పట్టుగూళ్లపై జీఎస్టీ లేదు. పరులచేలలో దున్నుటకు ఇచ్చిన ట్రాక్టరు అద్దెపైనను లేదు. ఇటుకలు, ఇసుక తోలిన బాడుగకు మాత్రము ఆ మినహాయింపు చెల్లదు. జీఎస్టీ లేదు గనుక ఆదాయపు పన్నును లేదని తలచుట పొరబాటు. గూళ్లును, ట్రాక్టరు అద్దెయు ఒక చట్టమున విడువబడి రెండవ చట్టమున లెక్కకు వచ్చినవే.

సంఘము చేయవలసినది

సహకార సంఘముల లాభములకు ఆదాయపు పన్ను చట్టము ప్రత్యేకమైన మినహాయింపు నిచ్చుచున్నది. గడువులోపల రిటర్ను దాఖలు చేసిన సంఘములకే ఆ మినహాయింపు దక్కును. గడువు తప్పినచో పన్ను లేని లాభముపై పన్ను కట్టవలసివచ్చును. ఆ సొమ్ము సభ్యుల వాటాధనముపై రావలసిన లాభమునుండియే పోవును. కావున ఆడిటు ఎంతవఱకు వచ్చినదని మహాజనసభలో అడుగుట ప్రతి సభ్యునికిని హక్కు, అడుగకుండుట నష్టము.

సభ్యులు వెంటనే చేయవలసిన పనులు

1. రెండు భాగములుగల ఒక పుస్తకమును తెరువుడు. మొదటిది సేద్యపు రాబడి, ఖర్చు. రెండవది గూళ్లు, పాలు, అద్దె, వడ్డీ, వ్యాపారము. తేది, సరకు, తూకము, వెల, కొన్నవారి పేరు వ్రాయుడు. అక్షరములు రాని పెద్దలు బడికి పోవు పిల్లలచేత వ్రాయింపవచ్చును.

2. తక్‌పట్టీలు, పాలకేంద్రపు చీట్లు, గూళ్ల సంత రశీదులు, ఎరువుల బిల్లులు సంవత్సరమునకు ఒక సంచి చొప్పున కట్టి యుంచుడు. పురుగులకు మేపిన స్వంత తోట యాకు ఎంతయో గూడ వ్రాయుడు.

3. గుత్తకు చేయువారు గుత్త కాగితమును వ్రాయించుకొనుడు. పట్టా మఱియొకరి పేర నుండుటచేత, పంట మీదని చూపుటకు వేఱు ఆధారముండదు.

4. వీలైనచో పంటసొమ్మునకు ఒక ఖాతా, ఇతర సొమ్మునకు మఱియొక ఖాతా పెట్టుకొనుడు. పాన్ కార్డు ఆధార్‌తో జతపడినదో లేదో చూచుకొనుడు.

5. తమ సేద్యేతర ఆదాయము 4 లక్షలకు సమీపించినదని తోచినవారు మార్చి నెల ముగియకమునుపే లెక్కలు తెలిసినవారిని సంప్రదింపుడు.

దినమునకు రెండు మూడు వరుసల వ్రాత కంటె ఈ పనికి ఎక్కువ శ్రమ లేదు. ఈ పుస్తకము పన్నునకే కాక, ఏ పంట లాభమిచ్చినదో, ఏది అప్పు పెంచినదో తెలిసికొనుటకును ఉపకరించును. సంఘమునుండి అప్పు కోరునప్పుడు గూడ దీనిని చూపవచ్చును. పుస్తకము మొదలుపెట్టు విధము తెలియనివారు సంఘ కార్యాలయమునకు తమ చీట్లు, రశీదులు తెచ్చినచో మొదటి పుటను అక్కడనే వ్రాసి చూపుటకు మేము సిద్ధముగా నున్నాము.